వానికి చెప్పకుండ్రి

పెద్దపల్లిలో మా ఇల్లూ మా రైస్ మిల్లూ ఒకే ప్రహరీ లోపల ఉండేవి. మిల్లు నడుస్తున్నప్పుడు ఇంటి గోడకు ఆనుకొని కూర్చుంటే ఆ అదురు వీపులోకి వచ్చేది. మా అన్న ఆ అదురులోనే హాయిగా నిద్రపోయేవాడు. నాకు మిల్లు ఆగిపోయాక కూడా చాలాసేపు చెవుల్లో నడుస్తూనే ఉండేది. వడ్లలో తాలు ఎక్కువుందని గుమస్తా ధర తగ్గించి చెబితే కొందరు రైతులు గొడవపడేవాళ్ళు, కొందరు ఏమీ అనకుండా భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకునేవాళ్ళు. గొడవపడేవాళ్ళను చూస్తే నాకు భయం వేసేది. ముఖం తుడుచుకునేవాళ్ళను చూసిన పూట అన్నం దిగేది కాదు. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "జరం లేదు, ఏం లేదు. గీ పోరని మనసుకు తోలు లేదు" అనేది.

ఇంటికి ఏదైనా చెడ్డ కబురు వస్తే అందరూ ముందు నేనెక్కడున్నానో చూసేవాళ్ళు. "వానికి చెప్పకుండ్రి" అనే మాట నేను గుమ్మం దాటకముందే వినపడేది. మా నాన్నను బాపు అనేవాళ్ళం. ఆయన తల్లి, మా బాపమ్మ చనిపోయినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. దినాలు అయ్యేదాకా మెతుకు ముట్టలేకపోయాను. చివరికి సెలైన్ ఎక్కించారు. ఆ తర్వాత ఆ మాట మా ఇంటి చట్టమైపోయింది. మేనత్త కొడుక్కి గల్ఫ్‌లో ప్రమాదం జరిగి చెయ్యి పోతే, "డ్యూటీ ఎక్కువైంది, ఫోన్ చేస్తలేడు" అని నాకు చెప్పారు.

వాళ్ళు దాచినవేవీ నాకు పూర్తిగా తెలియకుండా పోలేదు. అవ్వ గిన్నె కింద పెట్టే చప్పుడు మారేది. అన్న నాతో అవసరాన్ని మించి మెల్లగా మాట్లాడేవాడు. ఏదో జరిగిందని తెలిసేది, ఏం జరిగిందో తెలిసేది కాదు. దాంతో అన్ని రకాల చెడూ ఒకేసారి ఊహించుకునేవాణ్ణి.

బాపు ఒక్కడే నా దగ్గర దాచేవాడు కాదు. పాలిచ్చే బర్రె చచ్చిపోయిన రోజు, దాన్ని మేనమామ ఊరికి తోలినమని అవ్వ చెప్పింది. బాపు బడి దగ్గరికి వచ్చి నన్ను సైకిల్ మీద ఎక్కించుకొని, "బర్రె సచ్చిపోయిందిరా. చెల్క కాడ గుంత తవ్విపిస్తున్న. సూస్తవా, ఇంటికి పోతవా?" అని అడిగాడు. చూస్తానన్నాను. ఆ మెట్ట చేలో గుంత ఒడ్డున నిలబడి నేను ఏడ్చినంతసేపూ ఆయన ఏమీ మాట్లాడలేదు, ఊరుకోమనీ అనలేదు. మన్ను పూడ్చడం అయ్యాక ఇద్దరం ఇంటికి వచ్చి అన్నం తిన్నాం.

నేను ఆదిలాబాద్‌లో ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు మాస్టారునయ్యాను. మా ఆవిడా నేనూ అక్కడే ఇల్లు తీసుకున్నాం. పాఠం చెప్పడం నాకిష్టం. పిల్లల గోల కూడా ఒక మేరకు తట్టుకోగలను. స్టాఫ్‌రూంలో ఇద్దరు మాస్టార్లు మాట్లాడుకోవడం మానేస్తే మాత్రం, వాళ్ళ మధ్య కూర్చున్న నేను అన్నం డబ్బా మూత తీసి, తినకుండానే మళ్ళీ మూసేసేవాణ్ణి. తనిఖీకి వచ్చిన అధికారి ఒకరోజు మా తెలుగు టీచరమ్మను పిల్లల ముందే నానా మాటలూ అన్నాడు. ఆమె మధ్యాహ్నానికే మామూలుగా నవ్వుతూ తిరిగింది. నేను సెలవు పెట్టి ఇంటికెళ్ళి వాంతి చేసుకున్నాను. డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నారు. ఆ 'ఏమీ లేదు' వినడం నాకు కొత్తేమీ కాదు.

దసరా సెలవుల్లో పెద్దపల్లి వెళ్ళినప్పుడు మిల్లులో ఒక సంచి పగిలి బియ్యం నేలపాలయ్యాయి. అప్పటికి మిల్లు అన్న చూసుకుంటున్నాడు. కోపంలో హమాలీని చెంప మీద కొట్టాడు. నేను వెళ్ళి అన్న చెయ్యి పట్టుకున్నాను. ఏదో అనాలని నోరు తెరిచాను, మాట రాలేదు. వడ్లు తెచ్చిన రైతులంతా చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాను. దెబ్బ తిన్న మనిషే నా దగ్గరికి వచ్చి, "ఊకో సారూ, నాకేం గట్టిగ తాకలే" అన్నాడు.

ఆ సాయంత్రం అన్న నా పక్కన మంచం మీద కూర్చున్నాడు.

"తమ్మీ, నలుగుర్ల నాకు సిగ్గైంది. అబద్ధం జెప్ప. గని నిన్ను సూస్తే భయం గూడ అయితుంది. కరీంనగర్ల ఒక మేడం ఉన్నదట. మందులియ్యదు, మాట్లాడుతదట. మా దోస్తు వాళ్ళ బిడ్డను తీస్కపోతే నయమైందట. ఒకపారి పోదమా?"

మరునాడు తనే కారు తీశాడు. దారిలో, ఆ హమాలీ ఇంటికి పొద్దున్నే పోయి వచ్చానని చెప్పాడు. ఆ రోజు నాకు అన్న మీద కలిగిన ప్రేమ అబద్ధమని ఇప్పటికీ అనుకోను.

మేడం కౌన్సెలింగ్ గది ఒక పాత ఇంటి మేడ మీద ఉండేది. వీధి చప్పుడు లోపలికి రాదు. ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. నూలు చీర, పెద్ద కళ్ళద్దాలు. నేను చెప్పుకుంటూ పోతే మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక అంది:

"ఇది రోగం కాదు సార్. కొంతమంది పుట్టుకతోనే ఎక్కువ వింటరు, ఎక్కువ చూస్తరు. పక్కోళ్ళ బాధ వాళ్ళకు తొందరగ తాకుతది. మీరు గట్టివడాలె అని నేను అనను. వచ్చిన బరువును ఎట్ల మోయాలె, ఎక్కడ దించాలె, గంతే మనం నేర్చుకునేది."

నలభై దాటిన నాకు ఆ మాట అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఏడుపొచ్చింది. ఆమె తొందరపెట్టలేదు. లేచేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పింది. "గీ గదిల మీరు చెప్పింది గది దాటదు. మీ ఇంటోళ్ళకైనా సరే."

నెలకు రెండుసార్లు శనివారం ఆదిలాబాద్‌లో తెల్లవారి బస్సెక్కి, నిర్మల్, జగిత్యాల మీదుగా కరీంనగర్ చేరేవాణ్ణి. దూరం ఎక్కువే, కానీ వెళ్ళడానికి ఎప్పుడూ బద్ధకించలేదు. ఆమె చెప్పినవి నిజంగానే పనిచేశాయి. స్టాఫ్‌రూంలో ఊపిరాడనప్పుడు మెల్లగా ఊపిరి లెక్కపెట్టుకోవడం నేర్పింది, లేచి బయటికి రావడం తప్పు కాదని చెప్పింది. వేరేవాళ్ళ కోపం నా వల్లనే అని అనుకోవడం ఎక్కడ మొదలవుతుందో చూపించింది. అన్నింటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఒక ప్రశ్న. మనసులో ఏదైనా కలవరం లేచినప్పుడు, 'ఇది తెలిసిందా, తోచిందా?' అని నన్ను నేను అడుక్కోవాలి. తెలిసిందైతే దాని పని చూడాలి. ఉత్త తోచిందైతే దాన్ని వచ్చి పోనివ్వాలి. నేను ఆ ప్రశ్నను బడిలో, బజారులో, బస్సులో వాడాను. మొదటిసారి రాత్రుళ్ళు నిద్ర పట్టింది.

ఒకసారి ఆమె నన్ను, "చిన్నప్పటిసంది మీకు అన్నిటికన్న కష్టమైంది ఏంది?" అని అడిగింది.

"చెప్పకపోవుడు," అన్నాను. బాపమ్మ సంగతి, గల్ఫ్ సంగతి, బర్రె సంగతి అన్నీ చెప్పాను. చెడ్డ కబురు నన్ను చంపదనీ, కబురు చుట్టూ కట్టే దడి నన్ను చంపుతుందనీ చెప్పాను. బాపు ఒక్కడే నన్ను నిలబడగల మనిషిలా చూశాడని కూడా చెప్పాను.

ఆమె తల ఊపి, "మిగిలినోళ్ళు ప్రేమతోటి మిమ్మల్ని చిన్నగ చేసిండ్రు," అంది. ఆ వాక్యాన్ని నేను తిరుగు ప్రయాణమంతా మనసులో అనుకుంటూ వచ్చాను.

కొన్నాళ్ళు పెద్దపల్లి వెళ్ళకుండా ఉండమని ఆమే సలహా ఇచ్చింది. ఆ ఇల్లు, ఆ మిల్లు, అన్న కోపం వీటికి దూరంగా ఉంటే నేర్చుకున్నది వేళ్ళూనుతుందని చెప్పింది. సబబుగానే తోచింది. కరీంనగర్ నుంచి పెద్దపల్లి ఎంతో దూరం లేకపోయినా ఇంటికి పోకుండా వెనక్కి వచ్చేసేవాణ్ణి. ప్రతి ఆదివారం బాపుతో ఫోన్‌లో మాట్లాడేవాణ్ణి. ఆయన వడ్ల రేటు చెప్పేవాడు, నేను ఆదిలాబాద్ చలి గురించి చెప్పేవాణ్ణి. అది మాకు చాలు.

సంక్రాంతి దాటిన తర్వాత ఆ ఫోన్లు మారాయి. ఒక ఆదివారం అన్న ఎత్తి, "బాపు పండుకున్నడు" అన్నాడు. పగటిపూట పడుకునే అలవాటు ఆయనకు లేదు. తర్వాతి వారం, పొలం పోయిండన్నారు. ఆ తర్వాత బాపే మాట్లాడాడు. గొంతు సన్నబడింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు.

"ఎక్కడున్నవ్ బాపూ?"

"ఇంట్లనేరా. మిల్లు కాడ కూసున్న."

అది మిల్లు నడిచే కాలం. ఆయన వెనక మిల్లు చప్పుడు లేదు. గచ్చు మీద చక్రాల బండి ఏదో దొర్లుతున్న చప్పుడు వినిపించింది. ఎవరో ఆడమనిషి మైకులో ఒక పేరు పిలిచింది. 

ఫోన్ పెట్టేశాక మా ఆవిడతో పెద్దపల్లి పోతానన్నాను. ఆమె పప్పు ఏరుతోంది. తల ఎత్తకుండానే, "మేడం వద్దన్నది గద. వచ్చే శనివారం ఆమెనే అడుగుండ్రి," అంది. అన్నకు ఫోన్ చేశాను. "బాపుకేమైంది? మంచిగున్నడు. నువ్వు ఫికర్ జేయకు తమ్మీ," అన్నాడు, చాలా మెల్లగా.

శనివారం మేడం ముందు కూర్చొని జరిగిందంతా చెప్పాను.

"విన్నది చెప్పుండ్రి," అంది.

"గొంతు మారింది. ఆయాసం ఉన్నది. మిల్లు చప్పుడు లేదు."

"తోచింది?"

"బాపు దవాఖాన్ల ఉన్నడని."

"అడిగిండ్రా?"

"అడిగిన. లేదన్నరు."

"మీ అన్న మీద మీకు నమ్మకం ఉన్నదా?"

"ఉన్నది."

"అయితే దాన్ని భయం అని పిలువుండ్రి సార్. భయం మాట విని బస్సెక్కకుండ్రి. పిల్లల పరీక్షలు కానియ్యుండ్రి. ఎండకాలం సెలవుల్ల నిమ్మళంగ పోయి ఉందురు."

ఆ మాట అంటూ ఆమె బల్ల మీది నీళ్ళ గ్లాసును కొంచెం పక్కకు జరిపింది. గ్లాసు ఎవరికీ అడ్డంగా లేదు. నేను గమనించాను. మెట్లు దిగుతూ, ఇదీ తోచిందేలే అని నాకు నేనే చెప్పుకొన్నాను. అంత బాగా నేర్చుకున్నాను మరి. ఆమె గది నుంచి బస్టాండుకు వెళ్ళే ఆటో ఒక పెద్ద ఆసుపత్రి ముందు నుంచి పోతుంది. ఆ రోజు మా బాపు ఆ ఆసుపత్రి పై అంతస్తులో ఉన్నాడు.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక, ఒకరోజు క్లాసులో ఉండగా హెడ్మాస్టరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు. "మీ బాపుకు జర పానం బాగలేదట సార్. ఇంటికి పోవాలెనట," అన్నాడు. ఆ గొంతులో నాకు అంతా వినపడింది. ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ సంచి సర్ది, తాళం చేతిలో పట్టుకొని వాకిట్లో నిలబడి ఉంది.

మేము చేరేసరికి బాపును వాకిట్లో పడుకోబెట్టారు. నేను దగ్గరికి వెళ్ళి చూసి, ఈయన కాదేమో అనుకున్నాను. చెంపలు లోపలికి పోయాయి. చేతుల మీద సూదులు గుచ్చిన చోటల్లా నల్లగా కమిలి ఉంది. ఒక్క రోజులో మనిషి అట్లా కాడు. నేను ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాను. మా వీధిలోని ఒక ముసలావిడ వచ్చి నా పక్కన కూలబడి, "పోనీ కొడుకా, బాధ తప్పింది. నెలలసంది దవాఖాన్ల మస్తు గోస పడ్డడు," అంది.

"ఏ దవాఖాన్ల?" అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. తర్వాత మా అన్న కోసం చూసింది. నేను మా ఆవిడను చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నేలను చూస్తోంది. అప్పుడు నాకు తెలిసింది, వీధిలో అందరికీ తెలిసిన సంగతి నా ఇంట్లో నాతో ఉంటున్న మనిషికి కూడా తెలుసునని.

నేను అరవలేదు. అందరూ అనుకున్నట్టు పడిపోలేదు. చేయాల్సినవన్నీ చేశాను. అన్న పాడె ముందు నిప్పుకుండ పట్టాడు, నేను అన్న పక్కన నడిచాను. నా మీద ఒక కన్ను వేసి ఉంచమని ఎవరో ఎవరికో చెప్పడం కూడా వినపడింది.

దినాలైన తర్వాత అవ్వ నాకు అంతా చెప్పింది. బాపు కడుపులో గడ్డ. తెలిసేసరికే ముదిరిపోయింది. కరీంనగర్ ఆసుపత్రిలో పెట్టారు. కోయడం, మందులు ఎక్కించడం, మళ్ళీ ఇంటికి, మళ్ళీ ఆసుపత్రికి. మొదటి వారంలోనే నాకు కబురు చేద్దామని అవ్వ అన్నదట. అన్న నా మేడంకు ఫోన్ చేశాడట. తమ్ముడు ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నాడు, ఇప్పుడు ఈ దెబ్బ తగిలితే మళ్ళీ మొదటికి వస్తుంది, కొంచెం ఆగి సమయం చూసి చెబుదాం అని ఆమె అందట.

"బాపు ఏమన్నడు?" అని అడిగాను.

అవ్వ కొంగు కొసను వేలికి చుట్టుకుంది. "ముందుగాల ఒప్పుకోలే. చిన్నోనికి చెప్పుండ్రి, వాడు తట్టుకుంటడు, నాకు తెలుసు అన్నడు. నీ అన్న ఏమన్నడంటే, డాక్టరమ్మ చెప్పింది బాపూ, చెప్తే వాని పానానికే ముప్పట అన్నడు. గప్పటి నుంచి ఆయన నోరు మూసుకున్నడు. నీకు ఫోన్ల ఇంట్లనే ఉన్ననని చెప్పినంక గోడ దిక్కు మల్లి పండుకున్నడు. ఆకరికి రెండు మూడు దినాలు మాత్రం చిన్నోడు వచ్చిండా, చిన్నోడు వచ్చిండా అని అడిగిండు బిడ్డా."

బాపు జీవితంలో నాతో ఆడిన ఒకే ఒక్క అబద్ధం అది. అది ఆయన నోట పెట్టింది నేను నమ్మిన ఇద్దరు మనుషులు.

అన్నతో మాట్లాడటానికి మిల్లులోకి వెళ్ళాను. మిల్లు ఆపి ఉంది. అన్న గుండు చేయించుకున్న తలతో తూకం బల్ల దగ్గర కూర్చున్నాడు.

"నన్నెందుకు పిలువలే?" అన్నాను.

"నువ్వు ఆగమైతవని."

"ఆగమైతే అయితుంటి. బాపును చూసి ఆగమైతుంటి."

"తమ్మీ, నాకు నీ మీద కోపముండి దాచలే. దినాం దవాఖానకు ఉరుకుడు, మిల్లు చూసుకునుడు, అవ్వను చూసుకునుడు. నీకు గూడ ఏమన్న అయితే ఎవలు చూడాలె? చదువుకున్న మేడం చెప్పింది, నేను విన్న." అతని కళ్ళు ఎర్రబడ్డాయి. "నేను ఒక్కన్నే మోసిన."

"నన్ను మోయనియ్యలే నువ్వు."

అతను చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదని నాకు తెలుసు. చిక్కిపోయిన అతని భుజాలు చూస్తే జాలి కలిగింది. ఆ జాలి నా కోపాన్ని తీసేయలేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి.

కరీంనగర్ వెళ్ళాను. ఫోన్ చేయకుండానే వెళ్ళాను. మేడం నా గుండు చూసి లేచి నిలబడింది. కూర్చోమంది. నేను కూర్చోలేదు.

"నేను వచ్చి మా బాపు గొంతు గురించి చెప్పిన రోజు, ఆయన దవాఖాన్ల ఉన్నడని మీకు తెలుసు," అన్నాను.

"తెలుసు," అంది.

"గది మాట గది దాటదన్నరు."

"మీరు చెప్పింది నేను ఎవరికీ చెప్పలే సార్. మీ అన్నయ్య అడిగితే మీ పరిస్థితి మీద నా అభిప్రాయం చెప్పిన. మీ మంచికే..."

"చెప్పకపోవుడే నాకు కష్టమని మీకు చెప్పిన. ఇంక ఎవరికీ చెప్పలే, మీకే చెప్పిన."

ఆమె బల్ల మీది నీళ్ళ గ్లాసు వైపు చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది.

"నా చెవి నిజమే విన్నది మేడం. మీరు దాన్ని భయం అనుమన్నరు. నేనన్న. నా బాపు పక్కవీధిల ఉంటే, మీ మాట మీద నేను ఆదిలాబాద్ బస్సెక్కిన."

ఆమె కళ్ళద్దాలు తీసింది. "తప్పు అంచనా వేసిన. ఆయనకు ఇంకా టైమున్నదనుకున్న. మిమ్మల్ని తయారుచేసి చెబుదామనుకున్న," అంది. తర్వాత, "ఆ శనివారం మీ అన్న మీద నమ్మకం ఉన్నదా అని మిమ్మల్ని అడగకుంట ఉండాల్సింది," అంది.

తీసిన కళ్ళద్దాలను చీర కొంగుతో తుడుస్తూనే ఉంది. వెంటనే, నా పాత అలవాటు ప్రకారం, ఆమెను ఓదార్చాలనిపించింది. మోసపోయినవాడు నేను, అయినా మోసం చేసిన మనిషి బాధ కూడా నాకే తాకుతోంది. ఆ క్షణంలో నా మీద నాకే విసుగొచ్చింది. ఏమీ అనకుండా మెట్లు దిగి వచ్చేశాను. మళ్ళీ ఆ వీధికి వెళ్ళలేదు.

ఆ ఏడాది ఎట్లా గడిచిందో సరిగ్గా చెప్పలేను. బాపు పోయినందుకు ఏడవాల్సిన ఏడుపు రాలేదు. దాని దారిలో ఇంకేదో అడ్డం కూర్చుంది. ఎవరు ఏం చెప్పినా వెనక ఏం దాస్తున్నారా అని వినేవాణ్ణి. మా ఆవిడ ఫోన్‌లో మాట్లాడుతూ పక్క గదిలోకి వెళితే నా చేతిలో పని ఆగిపోయేది. ఒకరోజు ఆమె వంటింట్లోంచి వచ్చి నా ముందు నిలబడింది.

"చెల్లెలింటికి పోతున్నని చెప్పి మామయ్యను చూసి వచ్చిన. ఆయన నా చెయ్యి పట్టుకున్నడు. నీ గురించే అడిగిండు. వచ్చేటప్పుడు బస్సుల అనుకున్న, ఇంటికి పోంగనే చెప్పాలె అని. తలుపు తీసి నిన్ను చూసేసరికి ధైర్యం చాలలే. బావ అన్నడని కాదు, మేడం అన్నదని కాదు. నాకే ధైర్యం లేకుండె," అంది. ఎప్పుడూ 'మీరు' అనే మనిషి ఆ రోజు 'నువ్వు' అంది.

నేను క్షమించానని చెప్పలేదు. కానీ బాపు ఆమె చెయ్యి ఎట్లా పట్టుకున్నాడో చూపించమన్నాను. ఆమె చూపించింది. వేళ్ళన్నీ కలిపి గుప్పిట్లోకి తీసుకొని, బొటనవేలితో మెల్లగా తట్టడం. అది బాపు అలవాటే. అప్పుడు వచ్చింది ఏడుపు. ఇద్దరం వంటింటి గచ్చు మీద కూర్చొని ఏడ్చాం.

ఆదిలాబాద్‌లోనే ఒక క్లినిక్‌కు వారానికోసారి సైకాలజిస్టు వస్తున్నాడని తెలిసి, వెళ్ళాలా వద్దా అని చాలా రోజులు తిరిగాను. ఆ మనిషి నాకన్నా చిన్నవాడు. మహారాష్ట్ర సరిహద్దు పల్లెవాడు, తెలుగులో మరాఠీ యాస ఉంటుంది. మొదటి రోజు నా సంగతేమీ చెప్పలేదు. ఒక్కటే అడిగాను. "మా అన్న మీకు ఫోన్ చేస్తే ఏం చెప్తరు?"

"మీరు నా దగ్గరికి వస్తున్నరని గూడ చెప్పను," అన్నాడు.

"నా మంచికోసమే అంటే?"

"మీ మంచి మీతోనే మాట్లాడుత సార్. ఫోన్ వచ్చిందని మీకు చెప్తా."

నేను వెంటనే నమ్మలేదు. నమ్మకపోయినా రావచ్చునన్నాడు. అట్లా నమ్మకుండానే చాలా వారాలు వెళ్ళాను. ఆ రెండో మనిషి దగ్గర నేను మొదటి మనిషి గురించే ఎక్కువ మాట్లాడాను. ఆమెను అతను వెనకేసుకు రాలేదు, తిట్టనూ లేదు. ఆమె నేర్పినవాటిలో ఏవి నాకు ఇంకా పనికొస్తాయో, ఏవి పారేయాలో నన్నే ఏరుకోమన్నాడు. ఊపిరి సంగతి ఉంచుకున్నాను. బయటికి లేచి రావడం ఉంచుకున్నాను. తెలిసిందా తోచిందా అనే ఆ ప్రశ్నను మాత్రం మళ్ళీ వాడలేదు. నా చెవికి ఏదైనా తేడాగా వినపడితే ఇప్పుడు నేరుగా అడుగుతాను, లేదా బస్సెక్కుతాను. ఒకసారి అవ్వ గొంతు బొంగురుగా ఉందని పరీక్ష పేపర్లు పక్కన పెట్టి పెద్దపల్లి వెళితే, ఆమె పెండ్లిలో పాటలు పాడి గొంతు పోగొట్టుకుందట. నవ్వి, నాకు గారెలు చేసి పెట్టింది.

పోయిన శీతాకాలంలో అన్న ముందుగా చెప్పకుండా ఆదిలాబాద్ వచ్చాడు. మంకీ క్యాప్ తీయకుండానే వరండాలో కూర్చున్నాడు. మా ఆవిడ చాయ్ ఇస్తే, చల్లారేదాకా చేతిలోనే పట్టుకున్నాడు. తన బిడ్డ కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. మెస్‌లో గోలకు అన్నం తినలేకపోతోందట. పక్క మంచం పిల్లను లెక్చరర్ తిట్టిన రోజు, తిట్లు తిన్న పిల్ల ఊరుకున్నా ఈమె జ్వరం తెచ్చుకుందట.

"నీ లెక్కనే ఉన్నది తమ్మీ," అన్నాడు. "గా మేడం దగ్గరికైతే తీస్కపోను. నువ్వు పోయే కాడికి తీస్కపోదమా?"

"తీస్కపోదం. గని ఒక్క మాట. లోపల అది ఏం చెప్పిందో నువ్వు అడుగొద్దు. ఆయనకు ఫోన్ చేయొద్దు."

"నేను తండ్రిని గదరా."

"అందుకే చెప్తున్న."

అన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. నా వైపు చూడకుండానే అడిగాడు. "బాపు సంగతి... ఇంక మనసుల ఉన్నదా?"

"ఉన్నదన్నా."

"పోదా?"

"తెల్వదు. ఇప్పటికైతే పోలే."

అతను తల ఊపాడు. పోతుందిలే అనలేదు, నన్ను ఊరుకోమనీ అనలేదు. అది నాకు కొంత నయమనిపించింది.

ఆ శుక్రవారం అన్న బిడ్డను హాస్టల్ నుంచి తీసుకొని వచ్చాక ముగ్గురం క్లినిక్‌కు వెళ్ళాం. వెళ్ళేముందు, లోపల ఏం జరుగుతుందో వివరించి, తనకు ఇష్టం లేకపోతే మధ్యలో లేచి రావచ్చునని పిల్లకు నేనే చెప్పాను. "చిన్నాయినా, నువ్వు లోపలికి వస్తవా?" అని అడిగింది. రానన్నాను. తనొక్కతే లోపలికి వెళ్ళాక తలుపు మూసుకుంది. అన్న బల్ల మీద కూర్చున్నాడు, కానీ నిలకడ లేదు. లోపలి నుంచి పిల్ల సన్నగా ఏడుస్తున్న చప్పుడు వినపడగానే లేచి తలుపు దగ్గరికి పోయి చెవి పెట్టబోయాడు.

నేను వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేశాను. "పా అన్నా, రోడ్డు మీదికి పోదం," అన్నాను.

అతను నన్ను చూశాడు, తలుపును చూశాడు. తర్వాత చెప్పులు వేసుకొని నాతో బయటికి నడిచాడు.